గుమ్మం బయట నిప్పుబూట్లు

ఇద్దరు మనుషులు ఒకే గుడిలో, ఒకే పూట, ఒకే వస్తువు కోసం మొక్కుకుంటే దేవుడు ఎవరి పక్షం వహిస్తాడు? ఈ అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. పొద్దున్నే దీపం పెట్టి, లాండ్రీ షట్టరు ఎత్తి, చీకటి పడేదాకా ఇతరుల చొక్కాలకు మర్యాద నేర్పేవాణ్ణి. అడగదగ్గ పెద్దలను అడిగాను. ఒకాయన "భక్తి ఎక్కువున్నవాడి పక్షం" అన్నాడు. భక్తిని తూచే కాటా ఎక్కడుందో చెప్పలేదు. ఇంకొకాయన "న్యాయం ఉన్నవాడి పక్షం" అన్నాడు. న్యాయమే ఉంటే ఇక మొక్కడం ఎందుకండీ అన్నాను. ఆయన ఆనాటి నుంచి తన బట్టలు వేరే లాండ్రీలో వేస్తున్నాడు.

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. మా వీధి మూల కొట్టు ఖాళీ అయినప్పుడు దాన్ని నేను లాండ్రీ కోసం అడిగాను. నా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, తన డ్రైవింగ్ స్కూలు కోసం అడిగాడు. కొట్టు యజమాని మాట చెబుతానన్న రోజు పొద్దున్నే ఒకరికి తెలియకుండా ఒకరం గుడికెళ్లాం. లోపల ఒకరినొకరం చూసుకుని, చూడనట్టు గట్టిగా కళ్లు మూసుకున్నాం. దేవుడు బాగా ఆలోచించి ఆ కొట్టును ఫోన్ కవర్లు అమ్మేవాడికి ఇప్పించాడు. అది చాలదన్నట్టు, నేను బయటికొచ్చేసరికి నా కొత్త తోలుచెప్పులు లేవు. వాటి చోట మా తోడల్లుడి పాత చెప్పులున్నాయి. ఎడమదానికి పిన్నీసు పెట్టుకుని నడుస్తాడని మా ఇంట్లో అందరికీ తెలుసు.

పొరపాటున వేసుకెళ్లాడా, కసికొద్దీ వేసుకెళ్లాడా? అడగలేదు. నేను చెప్పుల మాట ఎత్తితే అతను కొట్టు మాట ఎత్తుతాడు. అలా కొట్టూ పోయింది, చెప్పులూ పోయాయి, వాటి వెనకే మాటలూ పోయాయి. పెళ్లిళ్లలో, చావుల్లో ఎదురుపడితే ఇద్దరం పక్కనున్న గోడతో మాట్లాడతాం.

ఇక మా అత్తగారి సంగతి. ఆవిడ మా దగ్గరే ఉంటుంది. కింద లాండ్రీ, పైన ఇల్లు. లాండ్రీకొచ్చిన బట్టల్లో ఊడిన గుండీలన్నీ ఆవిడే కుట్టేది. కుడుతూ కుడుతూ ఆ చొక్కా ఆసామి జాతకం చెప్పేది. "వీడు పొట్ట పెంచాడు, మధ్య గుండీ ప్రాణాలొదిలింది." "వీడు కోపిష్టి, చేతి గుండీ దారంతో సహా పీక్కున్నాడు." నా జోకులకు మా ఇంట్లో నవ్వేది కూడా ఆవిడ ఒక్కతే. మా ఆవిడ పెళ్లైన కొత్తలో నవ్వేసి, తన వంతు అయిపోయిందంటుంది.

పోయినేడు అత్తగారికి కుడివైపు పక్షవాతం వచ్చింది. పెద్దది కాదన్నారు. కానీ వేళ్లు మాట వినడం మానేశాయి. కాలు కాస్త ఈడ్చుకొచ్చేది. ఆవిణ్ణి కొట్లోకి దింపాలంటే మా ఆవిడ ముందు, నేను వెనక, బీరువా దింపినట్టు మెట్లు దింపేవాళ్లం.

అక్కడే మొదలైంది గొడవ. మా మరదలు ఫోన్ చేసింది.

"అక్కా, మా ఇల్లు నేల మీదుంది. అమ్మను నా దగ్గరికి పంపించెయ్యి."

"మా ఇల్లేం గాల్లో ఉందా?"

"మెట్లెక్కి పోయేది గాల్లోకి కాక ఎక్కడికి?"

"ఇన్నాళ్లూ గుర్తురాని అమ్మ ఇవాళ గుర్తొచ్చిందేం?"

"నువ్వు దాచుకుంటే నాకేం గుర్తొస్తుంది? బీరువాలో పట్టుచీరలా పెట్టుకున్నావు."

బీరువా పోలిక నాకూ మా మరదలికీ ఎలా తట్టిందో తెలియదు. రోజూ ఇదే వరస. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ ఏడ్చేది. అక్కడ మా మరదలూ ఏడ్చేదట. అత్తగారు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేది. నాకు గుండెలో రాయి పడ్డట్టుండేది. ఆవిడ వెళ్లిపోతే కొట్లో ఆ స్టూలు ఖాళీ. మెట్లు చూస్తే, ఉండమనడం పాపం. ఉంచుకోవాలన్న ఆశ, పంపాలన్న న్యాయం రెండూ నాలోనే కొట్టుకునేవి.

ఈలోగా వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి అత్తగారికి రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంది.

"నేనేమైనా కుక్కపిల్లనా అమ్మా, బంతితో ఆడుకోవడానికి?" అంది అత్తగారు.

"వేళ్లు ఆడాలి మామ్మగారూ. పోనీ ఫోన్లో ఏదైనా ఆడతారా? నేను ఆడేది ఒకటుంది. కోటలు, యుద్ధాలు, కొన్ని వేలమంది ఎక్కడెక్కడి నుంచో ఆడతారు."

ఆ ఆట పేరు 'రెండు జెండాలు'. చేరగానే ఒక పక్షం ఎంచుకోమంటుంది. ఎర్ర జెండా దివిటీ పక్షం, నీలం జెండా తోడేలు పక్షం. ఈ రెండూ వద్దంటే సంత పక్షం. సంతవాళ్లకు కత్తులుండవు, వాళ్లను ఎవరూ కొట్టకూడదు. రెండు సైన్యాలకూ సరుకులమ్ముకుంటారు.

"మామ్మగారూ, దేంట్లో చేరతారు?"

"కూర్చోడానికి బల్ల దేంట్లో ఉంది?"

"సంతలో."

"అయితే అందులోనే."

సూదమ్మ అని పేరు పెట్టుకుని సంతలో కూర్చుంది. మొదట చూపుడువేలు కదిలింది, తర్వాత బొటనవేలు. కొన్ని వారాలకే ఆవిడ దుకాణం ముందు రెండు సైన్యాలూ వరసలో నిలబడేవి. అప్పు అడిగినవాడికి "మీ అమ్మ నంబరివ్వు" అనేదట.

ఒకరోజు కూతుళ్లిద్దరినీ, అల్లుళ్లిద్దరినీ ఫోన్లో కలిపి తీర్పు చెప్పింది.

"అల్లుళ్లిద్దరూ ఈ ఆటలో చేరండి. చెరో పక్షం. నల్లకోట కోసం ఈ నెలాఖరు ఆదివారం యుద్ధముంది. ఎవరి పక్షం కోట పట్టుకుంటే నేను వాళ్లింట్లో ఉంటాను."

"అమ్మా, నీకు మతి పోయిందా?" అన్నారు కూతుళ్లిద్దరూ. కొన్ని నెలల తర్వాత వాళ్లిద్దరూ ఒక మాట మీదకు రావడం అదే మొదలు.

తర్వాత నేను మెల్లగా అడిగాను. "అత్తయ్యా, ఇదేం పందెం? మీకెక్కడ ఉండాలనుందో చెప్పండి, అక్కడే ఉండండి."

"పెద్దదాని పేరు చెబితే చిన్నది నాతో మాట్లాడదు. చిన్నదాని పేరు చెబితే పెద్దది అన్నం పెడుతూ దెప్పుతుంది. అదే ఆటలో ఓడారనుకో, అందరూ కలిసి ఆటని తిట్టుకుంటారు. ముసలిదాన్ని వదిలేస్తారు."



పెద్దల్లుణ్ణి కాబట్టి పక్షం ముందు నన్ను ఎంచుకోమన్నారు. దివిటీ పక్షం బొమ్మ నొక్కితే ఒక రాతిగది కనిపించింది. గూట్లో దీపం, దాని ముందు పూలు. దేవుడి గది ఉన్న పక్షాన్ని వదిలి తోడేళ్లతో తిరగడమేమిటని వెంటనే చేరిపోయాను. పేరు ఇస్త్రీవీరుడు. మా తోడల్లుడు తోడేళ్లలో చేరాడు. అక్కడ తోడేలునెక్కి తిరగొచ్చట. హ్యాండ్‌బ్రేక్ అని పేరు పెట్టుకున్నాడు. బండి లేని పక్షంలో అతను దేవుడు పిలిచినా చేరడు.

మా దళానికి నాయకుడు ఒక పళ్ల డాక్టరు. మనిషినెప్పుడూ చూడలేదు, చెవిలో ఇయర్‌ఫోన్లోంచి గొంతు వినబడుతుంది అంతే. చేరిన వారానికే నాకు పెద్ద దెబ్బ తగిలింది. ఆటలో ఒక ముసలి కమ్మరి ఉంటాడు, పలకరిస్తే కథ చెబుతాడు. పూర్వం దివిటీ పక్షంవాళ్లు తోడేలువాళ్ల ఊళ్లన్నీ తగలబెట్టారని, మిగిలిన పసిపిల్లలను తోడేళ్లే పెంచాయని చెప్పాడు. 

"డాక్టరుగారూ, మనవాళ్లు ఊళ్లు తగలబెట్టారట. నిజమేనా?"

"నిజమే! అందుకేగా నిప్పు మంత్రాలన్నీ మనకే ఉన్నాయి."

"మరి తెలిసీ ఎలా చేరారండీ?"

"ఎర్ర శాలువా ఇస్తారు కదండీ. నేను రోజంతా తెల్లకోటులో చస్తుంటాను."

దళంలో మందులు వేసి ప్రాణం నిలబెట్టే పని ఒక బస్సు కండక్టరమ్మది. ఆవిణ్ణీ అడిగాను.

"నేను ఎప్పుడూ మంది తక్కువున్న పక్షమే ఎక్కుతాను అంకుల్. పొద్దంతా జనంలో నలిగి, ఆటలో కూడా నలగమంటారా?"

లెక్కల మాస్టారొకాయన, దివిటీలో చేరితే కత్తిదెబ్బకు బలం కొంచెం ఎక్కువని చేరాడు. మంచీచెడూ గుణించడానికి సూత్రం లేదన్నాడు. ఇంకొకతను అసలు విషయం ఒక్క ముక్కలో చెప్పాడు. "మా ఆవిడ తోడేళ్లలో ఉంది. ఇంట్లో ఎలాగూ గెలవలేను."

వేల మంది ప్రాణాలకు తెగించి పోరాడుతున్నారు. ఒకడు శాలువాకు, ఒకడు తోడేలుకు, ఒకడు పెళ్లానికి. ధర్మం కోసం వచ్చినవాడు ఒక్కడూ కనబడలేదు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? దీపం చూసి బోర్లాపడ్డాను. అది ఏం తగలబెట్టడానికి వెలిగించారో కనుక్కోలేదు.

పక్షం మారదామంటే పందెం పోతుంది. మర్నాడు పొద్దున్నే దేవుడి ముందు నిలబడి, "స్వామీ, నేను దుర్మార్గుల వైపున్నాను, అయినా మా అత్తగారి కోసం గెలిపించు" అన్నాను. నా నోటికే అది వకీలు మాటలా వినబడింది. ఆ పక్క తోడల్లుడు కూడా మొక్కుతూనే ఉంటాడు. పాత అనుమానం మళ్లీ లేచి కూర్చుంది.

అత్తగారినే అడిగాను. "ఇద్దరూ ఒకటే అడిగితే ఆయనేం చేస్తాడు అత్తయ్యా?"

ఆవిడ ఫోన్లోంచి తల ఎత్తలేదు. "నాకేం తెలుసు నాయనా? ఆయనకూ ఇద్దరు కూతుళ్లున్నారేమో కనుక్కో."

నా అసలు తప్పు వేరే ఉంది. మొదటిసారి దళంతో కలిసి ఆ దీపపు గదిలోకి వెళుతున్నప్పుడు నా చేతులు వాటంతట అవే పనిచేశాయి. గుమ్మం దగ్గర ఆగి, సామాన్ల సంచీ తెరిచి, బూట్లు విప్పి బయట పెట్టి లోపలికెళ్లాను.

"ఇస్త్రీగారూ, ఏం చేస్తున్నారు?" డాక్టరుగారి గొంతు.

"బూట్లు విడుస్తున్నానండీ."

"ఎందుకు?"

"దీపముంది కదండీ."

 కండక్టరమ్మ నెమ్మదిగా అంది. "అంకుల్, అది బాణాలు దాచుకునే గది. దీపం వెలుతురు కోసం పెట్టారు."

"వెలుతురు కోసమైతే పూలెందుకమ్మా?"

 బయటికొచ్చేసరికి బూట్లు లేవు. ఎవడో ఎత్తుకుపోయాడు. ఆ క్షణం నాకు ఈ ఆట మీద తొలిసారి నమ్మకం కలిగింది. నిజమైన గుడిలాగే ఉంది. దళమంతా నన్ను ఒక వారంపాటు ఏడిపించింది. అయినా ఆ గదికి ఎప్పుడెళ్లినా బూట్లు విడిచే వెళ్లాను. కావాలని కాదు. నా వేళ్లకు ఇంకో దారి తెలియదు.

యుద్ధం నియమాలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది తెలియదు. నల్లకోట నడిగదిలో ఒక దీపస్తంభం ఉంటుంది. దాని పక్కన గంట మోగేదాకా ఒక్క పక్షంవాళ్లే నిలబడితే కోట వాళ్లది. రెండు పక్షాలవాళ్లూ నిలబడితే గంట మోగదు. ఆ గది నేలంతా నిప్పులు. నిప్పుబూట్లు ఉంటేనే నడవగలం. ఆ బూట్లు చేసేది సంతవాళ్లు. సూదమ్మ ఎన్నో రోజులు కూర్చుని, వణికే వేళ్లతోనే రెండు జతలు చేసింది. మాకు చెరో జత ఇచ్చింది. "నాకు అల్లుళ్లిద్దరూ సమానమే, మీరు తన్నుకున్నా ఒకే రకం చెప్పులతో తన్నుకోండి" అంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం లాండ్రీ షట్టరు సగం దించి ఉంది. అత్తగారి ఆజ్ఞ ప్రకారం ఇద్దరం ఆవిడ కళ్ల ముందే ఆడాలి. పెద్ద ఇస్త్రీబల్లకు ఇటు నేను, అటు మా తోడల్లుడు. తలాపున స్టూలు మీద అత్తగారు తన ఫోనుతో. నా వెనక మా ఆవిడ, అతని వెనక మా మరదలు. అక్కచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. బల్ల మీద గంజి వాసన, పక్కన ఆరిపోయిన ఇస్త్రీపెట్టె.

"బల్ల మీద చెయ్యి కాస్త జరపమని చెప్పవే" అన్నాడు తోడల్లుడు తన భార్యతో.

"ఇది నా బల్ల అని చెప్పు" అన్నాను మా ఆవిడతో.

"ఇద్దరూ నోరు ముయ్యమని నేను చెబుతున్నాను" అంది అత్తగారు.

యుద్ధం మొదలైంది. దాని గురించి గొప్పగా చెప్పడానికేం లేదు. అరుపులు, మంటలు, నా మీద నుంచి దూకిపోయే తోడేళ్లు. లెక్కల మాస్టారు గుణిస్తూనే చచ్చిపోయాడు. పెళ్లాం మీద పగతో వచ్చినవాడు ఆవిడ చేతిలోనే పోయాడు. "అక్కడా ఇక్కడా ఒకటే" అని మాత్రం అన్నాడు. చివరికి మా వైపు నిప్పుబూట్లున్న నేనూ, వెనక నుంచి మందు వేస్తున్న కండక్టరమ్మా, ఎక్కడో గోడ కింద ఇరుక్కున్న డాక్టరుగారూ మిగిలాం.

"ఇస్త్రీగారూ, పరుగెత్తండి! నడిగది ఖాళీగా ఉంది! దీపం దగ్గర నిలబడితే చాలు!"

పరుగెత్తాను. నడిగది గుమ్మం చేరాను. లోపల ఎర్రటి నిప్పుల మధ్య ఎత్తైన రాతి స్తంభం, దాని మీద దీపం. దీపం చుట్టూ పూలదండ.

నా వేళ్లు సంచీ తెరిచాయి.

"వద్దు!" డాక్టరుగారు అరిచారు. "ఇస్త్రీగారూ, వద్దు! మీకు పుణ్యముంటుంది, విప్పకండి!"

"ఏమండీ!" మా ఆవిడ నా భుజం పట్టుకుని కుదిపింది. "అమ్మ వెళ్లిపోతుంది!"

నాకు మాత్రం తెలియదా? ఆ ఖాళీ స్టూలు కళ్లకు కట్టింది. కానీ అత్తగారి కోసమని ఇక్కడ ఒకసారి బూట్లతో తొక్కుకుంటూ వెళితే, రేపు పొద్దున్న మా ఇంటి దీపం ముందు ఏ ముఖంతో నిలబడాలి? ఇది బొమ్మ అని నాకు తెలుసు. మా ఇంట్లో గోడకున్నదీ బొమ్మే. బూట్లు విప్పి, గుమ్మం పక్కన జతగా పెట్టి, ఒట్టికాళ్లతో నిప్పుల్లోకి దిగాను.

"మీరు మారరు అంకుల్" అంటూనే కండక్టరమ్మ వెనక నుంచి మందు మీద మందు వేసింది. నా ప్రాణం కారుతూ, నిండుతూ, కారుతూ, ఎలాగో స్తంభం చేరాను. గంట మోగడానికి ఇంకా కాసేపుంది.

అప్పుడొచ్చాడు హ్యాండ్‌బ్రేక్. తోడేలు మీద నుంచి గుమ్మం ముందు దిగాడు. కాళ్లకు నిప్పుబూట్లు, చేతిలో గొడ్డలి. సగం కాలిపోయిన నేను అతనికి ఒక్క దెబ్బకు సరిపోతాను.

అతను కదల్లేదు. గుమ్మం పక్కన నా బూట్ల జత చూస్తూ నిలబడ్డాడు.

నేను ఫోను మీద నుంచి కళ్లెత్తాను. బల్లకు అవతల అతనూ ఎత్తాడు. ఇన్నేళ్లలో అతని ముఖం తిన్నగా చూడడం అదే. మీసాల్లో తెలుపు బాగా వచ్చింది.

"ఏం చూస్తావయ్యా, వెళ్లు!" అంది మా మరదలు. "కొట్టెయ్! అమ్మ మనింటికొస్తుంది!"

మళ్లీ అదే చేస్తాడు, ఎత్తుకుపోతాడు అనుకున్నాను. అతను ఫోను మీదకు వంగాడు. ముక్కు తుడుచుకున్నాడు. హ్యాండ్‌బ్రేక్ తన బూట్లు విప్పి, నా జత పక్కన, కాస్త ఎడంగా, జతగా పెట్టాడు. గొడ్డలి కూడా అక్కడే ఆనించాడు. ఒట్టికాళ్లతో నిప్పులు తొక్కుకుంటూ వచ్చి స్తంభానికి అవతల పక్క నిలబడ్డాడు.

"ఇదేం యుద్ధంరా నాయనా!" డాక్టరుగారు గోడ కింద నుంచే ఏడ్చారు.

రెండు పక్షాలవాళ్లున్నారు కాబట్టి గంట ఆగిపోయింది. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి కాలుతున్నాం. కొట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. కండక్టరమ్మ దగ్గర మందు అయిపోయింది. అటు వాళ్ల మందుల మనిషి సంగతీ అంతేనేమో. ముందు నేను పడ్డాను. ఆ వెంటనే నా మీద అతను పడ్డాడు. ఇస్త్రీబల్ల మీద రెండు ఫోన్లూ నల్లబడ్డాయి.

"పోయిందా?" అంది మా ఆవిడ.

"ఇద్దరిదీ పోయింది" అంది మా మరదలు. తర్వాత అక్కను చూసి, "బావకేదో చాదస్తం అనుకున్నాను. మా ఆయనకూ అంటుకుందేంటే?" అంది. అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టారు. ఒకరు మొదలెట్టిన తిట్టును ఇంకొకరు పూర్తి చేస్తున్నారు.

ఆ గోలలో అత్తగారిని ఎవరూ చూడలేదు.

యుద్ధం జరిగినంతసేపూ సూదమ్మ రెండు సైన్యాల మధ్య నుంచి తాపీగా నడుచుకుంటూ, తోవలో పడిపోయినవాళ్లకు కట్లు అమ్ముకుంటూ వచ్చిందట. సంతమనిషిని ఎవరూ కొట్టకూడదు కదా. నడిగది గుమ్మం దగ్గరికొచ్చింది. బయట తను చేసిన రెండు జతలూ ఉన్నాయి. అందులో ఒక జత తొడుక్కుంది. లోపలికి నడిచింది. మా ఇద్దరి శవాలనూ దాటుకుని దీపం పక్కన నిలబడింది.

గంట మోగింది. మాకు ఇస్త్రీబల్ల తలాపు నుంచి వినబడింది. అందరం తల తిప్పాం.

నల్లకోట మీద ఎర్రజెండా లేదు, నీలంజెండా లేదు. గళ్ల గుడ్డ ఒకటి ఎగురుతోంది. సంతవాళ్లు కోట పట్టకూడదని నియమాల్లో ఎక్కడా లేదట. ఇన్నాళ్లూ ఎవరికీ ఆ ఆలోచన రాలేదంతే.

"అమ్మా! నువ్వా?"

"మీరు బయట వదిలేశారు. పాడవుతాయని వేసుకున్నాను" అంది అత్తగారు. కుడిచేతి వేళ్లు ఒకసారి ముడిచి, విప్పి చూసుకుంది. "కోట ఎవరిది ఇప్పుడు?"

"నీదే."

"అయితే నేను చెప్పినట్టే. చిన్నదానింట్లో పడుకుంటాను, నా వల్ల కాదు ఈ మెట్లు. పొద్దున్నే ఇక్కడికొచ్చి గుండీలు కుడతాను, ఆ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. రోజూ చిన్నల్లుడు కార్లో దింపాలి. సాయంత్రం పెద్దల్లుడు తీసుకెళ్లి అక్కడ దింపి, కాఫీ తాగి రావాలి. గోడలతో మాట్లాడే అల్లుళ్లు నాకొద్దు."

"కార్లో పొద్దున్న క్లాసులుంటాయి అత్తయ్యా" అన్నాడు తోడల్లుడు.

"నన్ను వెనక కూర్చోబెట్టుకుని నేర్పు. నేనూ నేర్చుకుంటాను."

నా పక్షం ఓడింది. నేను మొక్కుకున్నది జరగలేదు. అతను మొక్కుకున్నదీ పూర్తిగా జరగలేదు. అయినా ఆ సాయంత్రం మెట్లెక్కుతుంటే నా గుండెలో రాయి లేదు. దేవుడు ఎవరి పక్షమో నాకు ఇప్పటికీ తెలియదు. మేం కాలుతున్నంతసేపూ ఎక్కడున్నాడో కూడా తెలియదు. గుమ్మం బయట విడిచిన జతలను మాత్రం ఆయన ఎప్పుడైనా ఒకసారి చూసుకుంటే మంచిదనిపిస్తోంది.

మర్నాడు పొద్దున్నే డ్రైవింగ్ స్కూలు కారు లాండ్రీ ముందు ఆగింది. స్టీరింగు పట్టుకున్న, నేర్చుకోవడానికొచ్చిన మనిషి చెమటలు కక్కుతూ దిగాడు. వెనక సీట్లోంచి అత్తగారు తోవంతా బ్రేకు వెయ్యమని చెప్పిందట. ఆవిణ్ణి తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాం. తోడల్లుడు వెళ్లలేదు. కారు డిక్కీ తెరిచి, పాత చీర ముక్కలో చుట్టిన పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

విప్పాను. నా తోలుచెప్పులు. అడుగున మట్టి లేదు, పట్టీల మీద గీత లేదు.

"వీధి మలుపు తిరిగాక తెలిసింది అన్నయ్యా, నావి కాదని" అన్నాడు. ఈసారి గోడతో చెప్పలేదు. "పిన్నీసు గుచ్చుకోలేదు, అప్పుడు చూసుకున్నాను. వెనక్కొద్దామంటే నువ్వు కొట్టు సంగతి ఎత్తుతావనిపించింది. ఆ పూట దాటాక రేపు అనుకున్నాను. రేపటికి సిగ్గేసింది. ఆ మీద తొడుక్కోలేదు. పారెయ్యలేదు."

"నీ పాతవి నేను పారేశాను" అన్నాను.

"మంచి పని చేశావు. గుచ్చుకునేవి."

అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తోంది. మూడుసార్లు తప్పింది. ఎవరూ సాయం పట్టలేదు, పడితే ఊరుకోదు. నేను చెప్పులు నేల మీద పెట్టి కాళ్లు దూర్చాను. తోలు బిగుసుకుపోయింది. కొట్లో అటూ ఇటూ నడిచి చూశాను. రెండు మడమల దగ్గరా కరిచాయి.

"కరుస్తున్నాయా?" అన్నాడు.

"కొత్తవి కదా" అన్నాను.